స్లైడు చదివే యంత్రమూ, నేనూ

నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా పాథాలజిస్టుగా పనిచేశాను. ఇన్నేళ్లలో మా పక్కింటి ఆవిడకు నా గురించి అర్థమైంది ఒక్కటే: డాక్టర్నే కానీ జలుబుకు మందు రాయను. "మరి ఆస్పత్రిలో ఏం చేస్తావు మే?" అని ఒకసారి అడిగింది. "మనుషుల్లోంచి కోసి తీసిన ముక్కలు చూసి, జబ్బేమిటో చెబుతా" అన్నాను. ఆ తర్వాత నెల రోజులు ఆవిడ మా ఇంట్లో కాఫీ ముట్టలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇప్పుడు నన్ను అడిగే ప్రశ్న వేరు. "మేడమ్, ఏఐ వచ్చేసింది గదా, మన పని ఉంటుందా?" నా ప్రమోషన్లు, నా సర్టిఫికెట్లు ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి వాటిని పక్కన పెట్టి, ఈ ప్రశ్నకు పనికొచ్చే నాలుగు సంగతులు మాత్రం రాస్తాను.

సుప్రజ రాజీనామా

ప్రభుత్వాసుపత్రి నుంచి రిటైరయ్యాక కొన్నేళ్లు నెల్లూరులోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేశాను. అక్కడ నా దగ్గర చేరిన అమ్మాయి సుప్రజ. పీజీ అప్పుడే పూర్తి చేసింది. చురుకైన కళ్లు, తక్కువ మాటలు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది.

ఒకరోజు పొద్దున్నే నా గదిలోకి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది. "మేడమ్, నేను ఈ బ్రాంచి మానేద్దామనుకుంటుండా."

"ఎందుకు?"

"వచ్చే నెల మిషను వస్తుందంట. స్లైడ్లు అదే చదువుతుందంట. మా తాత బొగ్గింజను నడిపినాడు మేడమ్. డీజిలు బండ్లు వచ్చినాక మా ఊరు ఎట్టా చిన్నబోయిందో మా ఇంట్లో కథలు కథలుగా చెప్తారు. ఆ కథలో నేను మళ్లీ ఉండలేను."

ఆమె చేతిలో రాజీనామా కాగితం కూడా ఉంది. ధైర్యం చెప్పాలని నాకు ఉంది, కానీ చెప్పడానికి నాకేం తెలుసు? నేనూ ఆ యంత్రాన్ని చూడలేదు. "ఆరు నెలలు దాని పక్కన కూర్చుందాం. అప్పటికీ వెళ్లాలనిపిస్తే నేనే సంతకం పెడతా" అన్నాను. ఆమె కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. చించలేదు. ఆ తేడా నేను గమనించాను.

మా పని ఏమిటంటే

చదువుకున్నవాళ్లు కూడా మేం శవాలతోనే పనిచేస్తామనుకుంటారు. అది మా పనిలో చిటికెడు. మిగతాదంతా బతికున్నవాళ్ల కోసమే. సర్జను ఒక గడ్డ తీస్తాడు. దాన్ని మందునీళ్లలో ఊరబెట్టి, మైనపు దిమ్మలో ఇమిడ్చి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద అతికించి, గులాబీ, ఊదా రంగులు వేస్తారు. ఆ పలకే స్లైడు. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి క్యాన్సరా కాదా చెప్పడం మా వంతు.

చాలా స్లైడ్లు సులువుగా తేలిపోతాయి. రోజుకు ఒకటో రెండో మాత్రం మెడ పట్టేసేదాకా వదలవు. మాకు జీతం ఇచ్చేది ఆ ఒకటి రెండింటి కోసమే అని నా నమ్మకం.

పెంచలయ్య గారు

నాకు ఈ పని నేర్పినవారు ప్రభుత్వాసుపత్రిలో మా పెద్ద డాక్టరు పెంచలయ్య గారు. స్లైడు చూపించబోతే ముందు మూడు ప్రశ్నలు వేసేవారు. "గట్టిగా ఉండిందా, మెత్తగా ఉండిందా? యాడ నుంచి తీసినారు? ఎవురిది?" మూడో ప్రశ్నకు పేరు చెబితే చాలదు. ఆ మనిషి ఏం పని చేస్తాడు, ఏం తింటాడు, ఎన్నాళ్ల నుంచి బాధ, ఇవన్నీ చెప్పాలి. చెప్పలేకపోతే స్లైడు తిరిగి మన చేతిలో పెట్టి పేపరు చదువుకునేవారు.

ఆయన్ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఎదురు చెబితే సహించేవారు కాదు. ఆయన పొరబడుతున్నారని తెలిసి కూడా నేను నోరు మూసుకున్న సందర్భాలున్నాయి. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కొత్త పరికరం ఏది వచ్చినా ఆటబొమ్మ అనేవారు. ఈ ఏఐ యంత్రం ఆయన కాలంలో వచ్చి ఉంటే, దాని మీద మధ్యాహ్నం క్యారియర్ పెట్టుకుని ఉండేవారు.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. పాతికేళ్లు కూడా నిండని ఒకామె రొమ్ములో గడ్డ నుంచి సూదితో తీసిన కణాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఫారంలో పేరు, వయసు, "రొమ్ములో గడ్డ" అన్న రెండు మాటలు. చూశాను. కణాలు పెద్దవిగా, లోపలి కేంద్రకాలు ఉబ్బి, చెల్లాచెదురుగా ఉన్నాయి. క్యాన్సర్ అనుమానం బలంగా ఉందని రాశాను. రాశాక నా తెలివికి నేనే కాస్త మురిసిపోయాను కూడా.

రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు పెంచలయ్య గారు స్లైడు చూశారు. చాలాసేపు చూశారు.

"ఈమెను చూసినావా?"

"లేదు సార్."

"పద."

వార్డుకి వెళ్లాం. ఆమె మంచం మీద కూర్చుని మూడు నెలల బిడ్డకు పాలిస్తోంది.

పాలిచ్చే తల్లి రొమ్ములో కణాలు సరిగ్గా అలాగే ఉంటాయి. క్యాన్సరని భ్రమ పెడతాయి. ఆ సంగతి పుస్తకంలో ఉంది. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. నేను నోటిమాటగా చెప్పింది విని సర్జను ఆమె ఆపరేషను ఎల్లుండికి పెట్టేశాడు.

పెంచలయ్య గారు నన్ను తిట్టలేదు. బిడ్డ పేరేమిటని ఆమెను అడిగి, బుగ్గ నిమిరి వచ్చేశారు. తిరిగొచ్చే దారిలో ఒక్క మాటే అన్నారు. "ఫారంలో బిడ్డ లేడు. మంచం మీద ఉండాడు."

ఆపరేషను ఆగింది. మళ్లీ పరీక్ష చేశాం, ఏమీ లేదు. బిడ్డ పాలు మానేశాక గడ్డ దానంతటదే కరిగిపోయిందని తర్వాత తెలిసింది. ఎంత దగ్గరి నుంచి తప్పించుకుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

యంత్రం వచ్చింది

ఇక సుప్రజ భయపడిన యంత్రం సంగతి. అది రెండు భాగాలు. ఒకటి స్లైడ్లను ఫొటో తీసే పెట్టె. రెండోది ఆ ఫొటో చూసి, అనుమానం ఉన్నచోట తెర మీద ఎర్ర గీతతో చుట్టూ గడి గీసే ప్రోగ్రాము. వచ్చిన రోజు టెంకాయ కొట్టారు. మా ల్యాబ్ ఇన్‌ఛార్జి భక్తిగా పెట్టె మీద కుంకుమ బొట్టు పెట్టబోతుంటే, దాన్ని తెచ్చిన ఇంజినీరు "సార్, లెన్సు! లెన్సు!" అంటూ అడ్డం పడ్డాడు. చివరికి బొట్టు కరెంటు ప్లగ్గుకి పెట్టారు.

మొదటి వారం మాకు పండగే. ఒక స్లైడు మీద పొరపాటున పడిన వెంట్రుకను అది అనుమానాస్పదం అంది. కోత సరిగ్గా పడక ముడతపడ్డ చోటల్లా ఎర్ర గడి గీసింది. సుప్రజ అంత గట్టిగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

మూడో వారం నవ్వు ఆగిపోయింది. ముత్తుకూరు పోర్టులో పనిచేసే ఒకాయనకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషను జరిగింది. పేగుతో పాటు తీసిన లింఫు గ్రంథులు ఇరవై ఒకటి. వాటిలోకి క్యాన్సర్ పాకిందా లేదా అన్నదాన్ని బట్టి తర్వాతి వైద్యం ఉంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని ఇరవై ఒకటీ చూశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"మేడమ్, పద్నాలుగో దాంట్లో మిషను గడి గీసింది" అంది సుప్రజ.

"మళ్లీ వెంట్రుకేమో చూడు."

ఆమె తెర మీద బొమ్మను పెద్దది చేసింది. గ్రంథి అంచున, ఒక మూల, పట్టుమని పది పన్నెండు కణాలు. నేను వాటి మీదుగానే వెళ్లిపోయాను. క్యాన్సరే. సందేహం లేదు.

ఆ పది కణాలు బయటపడకపోతే ఆయనకు కీమో మందులు ఎక్కించకుండానే ఇంటికి పంపేవాళ్లు. రిపోర్టు మార్చాను. ఆ సాయంత్రం నా గదిలో ఒక్కదాన్నే టీ తాగాను. నాకు కోపం వచ్చింది. యంత్రం మీద కాదు, నా మీదే అని రాస్తే బాగుంటుంది. కానీ యంత్రం మీదే వచ్చింది. రెండు రోజుల తర్వాత తగ్గింది.

పిల్లలూ, దీన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. యంత్రానికి నిద్ర రాదు, మెడ నొప్పి రాదు, భోజనమయ్యాక కళ్లు మూతపడవు. ఇరవై ఒకటో గ్రంథిని మొదటిదాన్ని చూసినంత శ్రద్ధగానే చూస్తుంది. దాని సాయం తీసుకోను అనే పాథాలజిస్టు తన గౌరవం కోసం రోగిని పణంగా పెడుతున్నట్టే.

సుప్రజ మాత్రం బిగుసుకుపోయింది. "చూసినారా మేడమ్" అంది. అంతే. ఆ వారమంతా ఆమె చెయ్యి ఊరికే కోటు జేబు మీదికి పోతూ ఉండేది.

పోలయ్య వేలు

యంత్రం వచ్చిన నాలుగో నెలలో ఒక చిన్న చర్మం ముక్క వచ్చింది. ఫారంలో ఇలా ఉంది: మగ, నలభై ఆరేళ్లు, కుడి చూపుడువేలు మీద మానని పుండు. యంత్రం ఆ స్లైడును దాదాపు మొత్తం ఎర్ర గడులతో నింపేసింది. చర్మ క్యాన్సర్ అనుమానం ఎక్కువ అంది. సర్జను కూడా ఆ గడుల ఫొటో చూసి, గురువారం వేలు తీసేయడానికి థియేటరు బుక్ చేశాడు. రిపోర్టు మీద సంతకం ఒక్కటే తక్కువ.

స్లైడు సుప్రజకు వచ్చింది. అరగంట చూసింది. "కణాలు అడ్డదిడ్డంగా కిందికి దిగినాయి మేడమ్. కానీ కేంద్రకాలు నాకంత చెడ్డగా కనపడటం లేదు. మిషనేమో ఇంత గట్టిగా చెప్తుండాది..."

నేను చూశాను. నిజం చెబుతున్నాను, ఆ స్లైడు ఒక్కటే నా ముందు పెట్టి ఉంటే నేనూ క్యాన్సరనే అనేదాన్నేమో.

"ఆ మనిషిని చూశావా?" అన్నాను.

ఆమె లేచింది. నేనూ వెనకే వెళ్లాను.

అతని పేరు పోలయ్య. వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. పక్కన భార్య ఆదెమ్మ కూర్చుని ఉంది. సుప్రజ స్టూలు లాక్కుని అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చూపుడువేలు కణుపు మీద ఊదారంగు గడ్డ, మధ్యలో పుండు.

"ఏం పని చేస్తావన్నా?"

"వేట మేడమ్. ఇంకేం జేస్తాం."

"ఇది ఎట్టా మొదలైంది?"

"చిన్న బుడిపె లేసినాది. గోకినా. పెద్దదైనాది."

"అంతకు ముందు ఏమన్నా గుచ్చుకుందా?"

పోలయ్య నవ్వాడు. "మా చేతులకు గుచ్చుకోనిది ఏముంది తల్లీ?"

ఆదెమ్మ ఊరుకోలేదు. "ఏందయ్యా, మర్చిపొయ్యినావా? వల్లో జెల్ల పడితే తీస్తా తీస్తా ముల్లు దిగ్గొట్టుకోలా? వేలు వాచి ఎడం చేత్తో అన్నం తిన్యాడు మేడమ్. ముల్లు ముక్క లోపలే ఉంటే నేనే సూదితో తీసినా. ఆ బుడిపె ఆడనే లేసినాది."

సుప్రజ నా వైపు చూసింది. జెల్ల అంటే మీసాల చేప. దాని రెక్క ముల్లు సూది కంటే పదును.

పోలయ్య గొంతు తగ్గించి అడిగాడు. "వేలు తీసేస్తామంటుండారు. తీస్తే నాకు వల సంగతి ఎట్టా తెలుస్తాది మేడమ్? చేప పడిందా లేదా అని తాడు మీద ఈ వేలు పెట్టే గదా చూసేది."

మళ్లీ పైకొచ్చాం. ఈసారి సుప్రజ ఎర్ర గడులున్న చోటు వదిలేసి, ముక్క అడుగు అంచుకు వెళ్లింది. అక్కడ కొద్దిగా, చాలా కొద్దిగా, దీర్ఘకాలపు వాపు తాలూకు కణాలు గుంపుగా ఉన్నాయి. "పైన చర్మం పిచ్చిపట్టినట్టు పెరిగింది మేడమ్. కింద నుంచి దాన్ని ఎవరో రెచ్చగొడుతుండారు" అంది. చేపల్లో, నీళ్లలో ఉండే ఒక సూక్ష్మజీవి ఉంది. క్షయ క్రిమికి దాయాది. ముల్లు గాయంలోంచి దూరి, నెలల తరబడి మానని పుండు చేస్తుంది. పైచర్మం అచ్చం క్యాన్సర్ వేషం వేస్తుంది.

ఆమె సర్జనుకు ఫోను చేసింది. ఆయన గొంతు నాకూ వినబడుతోంది. "మిషను అంత స్పష్టంగా చూపిస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి?"

"మిషనుకు జెల్ల ముల్లు సంగతి తెలీదు సార్" అంది సుప్రజ. "ఇంకొంచెం లోతుగా ఒక ముక్క తీసివ్వండి. గురువారం ఆపండి."

ఆయన విసుక్కున్నాడు కానీ ఒప్పుకున్నాడు. ఫోను పెట్టాక నా వైపు తిరిగింది. "క్యాన్సరే అయితే ఎట్టా మేడమ్?" అని నన్ను అడిగింది. "నాకూ కచ్చితంగా తెలీదు" అన్నాను. ఓదార్పు మాట చెప్పి ఉండొచ్చు. కానీ ఆ భయం ఈ ఉద్యోగంలో భాగం. అది లేనివాళ్లు రాసిన రిపోర్టులు నేను చాలా చూశాను.

కొత్త ముక్కలో సగం స్లైడుకు, సగం క్రిమిని పెంచడానికి పంపాం. ఆ క్రిమికి చల్లదనం కావాలి. మామూలుగా అన్ని క్రిములనూ ఒంటి వేడిలో పెంచుతారు. అలా పెడితే ఇది మొలవదు, ఏమీ లేదని రిపోర్టు వస్తుంది. సుప్రజ సీసా మీద పెద్ద అక్షరాలతో రాసింది: ముప్పై డిగ్రీలు, ముప్పై ఏడు కాదు. అదీ చాలక రోజూ వెళ్లి చూసొచ్చేది. "తోడేసిన పాలు చూసినట్టు చూస్తుండారు, పెరుగవుతుందిలే మేడమ్" అని టెక్నీషియన్ ఆటపట్టించేవాడు.

నాలుగో రోజుకు లోతు ముక్క స్లైడు వచ్చింది. క్యాన్సర్ లేదు. వాపు కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. యంత్రం దాని మీద ఒక్క గడి కూడా గీయలేదు. దానికి నేర్పింది క్యాన్సర్ వెతకడం, అది లేదు కాబట్టి ఊరుకుంది. మూడో వారం సీసాలో క్రిమి మొలిచింది. పోలయ్యకు కొన్ని నెలలు వాడటానికి బిళ్లలు రాశారు.

మరి, మన పని ఉంటుందా?

పోలయ్య సంగతి చెప్పగానే పిల్లలు చప్పట్లు కొడతారు, మనిషే గెలిచాడని. అంత తొందర వద్దు. రేపు ఆ యంత్రానికి జెల్ల ముల్లు సంగతి కూడా నేర్పుతారు. నేర్పాలి కూడా. ఫారం చదవడమూ దానికి వస్తుంది. అప్పుడు పాథాలజిస్టులు ఇంతమంది అవసరం లేదంటారేమో, నాకు తెలీదు. ఏమీ మారదని మీకు ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అన్నీ పోతాయన్నా నమ్మకండి.

నేను చెప్పగలిగింది ఇంతే. గదిలో కూర్చుని వచ్చిన స్లైడు చూసి, రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి ఇంటికి పోయే పాథాలజిస్టు భయపడాల్సిందే. అతను యంత్రం రాకముందే భయపడి ఉండాల్సింది. ఫారంలో రాయనిది కనుక్కోవడానికి మెట్లు దిగే మనిషికి ఇప్పటికైతే పని తక్కువ కాలేదు. నా కళ్ల ముందు పెరిగింది. యంత్రం సులువైన స్లైడ్లను వేగంగా తేల్చేయడం వల్ల, వార్డుకు వెళ్లే తీరిక నాకు ముప్పై ఏళ్లలో మొదటిసారి దొరికింది.

పీతలు

రెండో విడత బిళ్లలు రాసిచ్చిన కొన్ని వారాలకు పోలయ్య, ఆదెమ్మ నేరుగా ల్యాబులోకి వచ్చేశారు. చేతిలో తాటాకు బుట్ట. బుట్ట నిండా బతికున్న పీతలు. డెక్కలు తాళ్లతో కట్టి ఉన్నాయి, ఒకదానికి తప్ప. అది బల్ల మీంచి దూకి యంత్రం కిందికి దూరింది. ల్యాబు ల్యాబంతా కుర్చీలెక్కింది. ఆదెమ్మ తాపీగా వంగి, చెయ్యి పెట్టి, వెనక నుంచి పట్టుకుని తీసింది.

గోల తగ్గాక పోలయ్య ఆ పెట్టెను వింతగా చూశాడు. "వేలికి క్యాన్సరన్నది ఇదేనా?"

"ఇదే" అన్నాను.

"ఇంతుందే" అని చుట్టూ తిరిగి చూశాడు. కోపమేమీ లేదు. "దానికి కనపడింది అది చెప్పినాది, పాపం. మరి కాదు, వేలు ఉంచండి అని చెప్పింది ఎవురు?"

అందరూ నా వైపు చూశారు. ల్యాబులో పెద్దదాన్ని నేనే కదా. నేను పీతలను చాలా శ్రద్ధగా చూస్తూ ఉండిపోయాను.

నా వెనక నుంచి సుప్రజ గొంతు వినిపించింది.

"నేనే, అన్నా." తిరిగి చూస్తే ఆమె చెయ్యి కోటు జేబు మీద లేదు.

పోలయ్య బుట్టలో చెయ్యి పెట్టి, వెతికి వెతికి, అన్నిటికన్నా పెద్ద పీతను బయటికి తీశాడు. మానిన వేలితోనే దాని తాడు మరోసారి బిగించి ఆమె చేతిలో పెట్టాడు. నాకు చిన్నవి రెండు ఇచ్చాడు.